బల్లార్షా స్టేషన్‌లో నా ఒరెక్సిన్

నిద్రపట్టక చెడిపోయినవాళ్లను మీరు చాలామందినే చూసుంటారు. నిద్రపట్టి చెడిపోయినవాణ్ణి చూడాలంటే నన్ను చూడండి.

పెళ్లయిన కొత్తలో నాకు చంద్రపూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, రమ్యకు భోపాల్ బ్యాంకులో. కాపురమంతా ఫోన్‌లోనే. ఆమె గొంతు వింటే ప్రాణం లేచొచ్చేది, ఫోన్ పెట్టేయగానే గుండెదడ. పెనం మీద అప్పడంలా మంచం మీద అటూ ఇటూ తిరగడమే తప్ప కునుకు లేదు.

చివరికి కాలనీ డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. రాజురా వైపు తెలుగు రైతుల ఇంటి ఆడపడుచు.

"తమ్ముడూ, మెదడుల పెప్టైడ్లని చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలుంటయి. ఒక కణం ఇంకో కణానికి పంపే కబుర్లనుకో. వాట్ల ఒరెక్సిన్ అని ఒకటున్నది. మనల్ని మెలకువతోని ఉంచేది గదే. బెంగ ఎక్కువైనప్పుడు గది గూడ జోరు జేస్తది."

"దాన్ని తీసెయ్యరాదా మేడమ్?"

"తీసేస్తే ఏడ కూసుంటే ఆడ్నే పంటవ్. చాయ్ తగ్గియ్యి. మనసు ఆగమైతే కండ్లు మూసుకొని నిమ్మళంగ ఊపిరి తియ్యి, ఇడువు."

అంతలో రమ్య మంచిర్యాలలోని పుట్టింటికి వెళ్లాల్సి వచ్చింది. ఆమె రైలు మధ్యాహ్నం మా దగ్గరి బల్లార్షాలో కాసేపు ఆగుతుంది. "సర్వపిండి చేసి తే, చాలు," అంది.

చేశాను. రైలు రాకకు చాలా ముందే డబ్బా ఒళ్లో పెట్టుకుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. దాచుకున్న మాటలన్నీ గొంతులో తోసుకుంటున్నాయి. గుండె డప్పు కొడుతోంది. ఈ కంగారులో ఆమె ముందు నోరు పెగలకపోతే? ముందు ఒరెక్సిన్‌ను అణచాలనుకున్నాను. కళ్లు మూశాను. ఊపిరి తీశాను. వదిలాను. ఆమె వస్తోంది కదా అన్న నిబ్బరం ఒళ్లంతా పాకింది.

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదంటారు. నా నిద్ర రైలు కూతను కూడా ఎరగలేదు.

కళ్లు తెరిచేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. ఒళ్లో డబ్బా లేదు. టీ అమ్మే ఆయన నా మొహం చూసి జాలిగా, "గాడీ గేలీ, సాహేబ్," అన్నాడు. బండి వెళ్లిపోయిందట.

వెంటనే ఫోన్ చేశాను.

"రమ్యా, ఏడున్నవ్?"

"సిర్పూర్ దాటిన. సర్వపిండి తింటున్న. ఉప్పు జర తక్కువైంది."

"నన్ను లేపలేదేంది?"

"లేపిన. కండ్లు దెరిచి 'తగ్గింది మేడమ్' అన్నవ్. మల్ల పన్నవ్."

ఆమె గొంతు తగ్గించింది.

"ఇంకోపారి లేపుదామనుకున్న. ఇన్ని రోజులు నిద్ర పడ్తలేదు, పడ్తలేదు అంటివి గద, చెయ్యి రాలే. బండి కదిలేదాంక పక్కకే కూసున్న. నువ్వు నా భుజమ్మీద తల పెట్టి ఒకటే గురక."

నెలల తరబడి ఏ భుజం కోసం అల్లాడానో, ఆ భుజం మీదే తల పెట్టానట. లోకమంతా చూసింది, నేను తప్ప.

అందుకే ఇష్టదైవం మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: భార్య కోసం ఎదురుచూసేటప్పుడు ఈ జన్మలో మళ్లీ ప్రశాంతంగా ఉండను.