మెడలో బూట్లు, కాళ్లకు దండాలు

రోడ్డు మీద ఒక మనిషి చెప్పుల్లేకుండా ఒంటరిగా నడుస్తుంటే, అతనికి మొక్కు తప్ప మరో పని ఉండకూడదా? మిమ్మల్నే అడుగుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, డిగ్రీ పూర్తయి ఉద్యోగం దొరకక ఇంట్లో ఉండేవాణ్ణి. ఫోన్లో ఒక సినిమా చూశాను. అందులో హీరో నెలల తరబడి ఒంటరిగా కొండలు దాటి, చివరకు తనను తాను తెలుసుకుంటాడు. (ఏ దేవుడి దగ్గరికి పోతున్నావని అతణ్ణి ఒక్కరూ అడగరు. అదీ సినిమా అంటే!) నేనూ కట్టంగూర్ నుంచి కోస్గి దాకా నడుస్తానని ప్రకటించాను. "నిన్ను నువ్వు దేవులాడుకునుడేంది కొడకా, పొద్దంత ఇంట్లనే ఉంటివి గదా!" అన్నాడు బాపు.

హీరో బూట్ల లాంటివే కొన్నాను. మర్నాటికే మడమలు కొరికేశాయి. వాటిని మెడకు తగిలించుకుని, ఎండకు బాపు తువ్వాల తలకు చుట్టుకుని (అది కాషాయ రంగుది కావడం నా తప్పా?) వట్టికాళ్లతో సాగాను. గడ్డం పెరిగింది. ఇక దారి పొడుగునా దండాలే! మజ్జిగ ఇచ్చారు, తాగాను (దాహానికి సిద్ధాంతం ఉండదు). కాళ్లు మొక్కారు, మండిపడ్డాను. "నేను నాస్తికుణ్ణి" అంటే, "పెద్ద స్వాములు గట్లనే అంటరు" అని ఒకాయన ఇంకోసారి మొక్కాడు.

మహబూబ్‌నగర్ దాటాక ఒక అవ్వ మనవరాలిని భుజాన వేసుకుని అడ్డం వచ్చింది. పిల్ల తల్లీతండ్రీ కూలికి పోయారట. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవడం లేదు.

"స్వామీ, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టు."

"చెయ్యి పెడితే జ్వరమెట్ల తగ్గుతదవ్వా? దవాఖానకు తీస్కపో!"

కాలేజీ చర్చల్లో నెగ్గిన వాదనలన్నీ, సూక్ష్మజీవులతో సహా, ఆమె ముందు పెట్టాను. అవ్వ ఓపిగ్గా విని, "అయిందా? ఇగ చెయ్యి పెట్టు" అంది.

పిల్ల మూలిగింది. ఇక వాదన కట్టిపెట్టాను. కళ్లు ఉరిమి, "స్వామి ఆజ్ఞ! ఈడ ముట్టుకోను, దవాఖానలనే ముట్టుకుంట! నడువ్!" అని అరిచాను. అవ్వ పరుగు తీసింది. ఎదురొచ్చిన ఆటోలో నేనూ ఎక్కాను. నా ఒంటరి నడక అక్కడితో సరి. డాక్టరమ్మ సెలైన్ పెట్టి, "ఇంకింత ఆగితే పిల్ల దక్కకపోవు" అంది. సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. అవ్వ నా కాళ్ల మీద పడింది. "మొక్కితే డాక్టరమ్మకు మొక్కు" అన్నాను. "ఆమె చేతిల కూసున్నది నువ్వే గద స్వామీ!" అంది.

ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్ని నిజాలకు కదలని మనిషి ఒక్క అబద్ధానికి పరుగెత్తింది! నన్ను నేను తెలుసుకుందామని పోతే నాలో దొరికింది ఒక స్వామి. మెడలో బూట్లతో నడిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

మీరు నవ్వింది చాలు. మీ వాడలో ఏ పిల్లకు జ్వరమొచ్చినా దారిన పోయే గడ్డాల కోసం చూడకండి. ఎత్తుకుని దవాఖానకు నడవండి.