కోటు జేబులో సాక్ష్యం

ముహూర్తమైనా పెట్టకముందే కాబోయే మామగారి పరువు తీసి, ఆయన ఇంట్లోకి ఆయన్నే వెళ్ళకుండా చేసిన అల్లుడు ఇంకెక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. జంషెడ్‌పూర్‌లో మాత్రం ఒకడున్నాడు. నేనే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, చెమటలు పట్టాయి.

పెళ్ళిచూపులు అయిపోయాయి. లావణ్య సరేనంది. వాళ్ళమ్మ సత్యవతిగారు సరేనన్నారు. తండ్రి అప్పలనాయుడుగారు మాత్రం "సూద్దాం" అన్నారు. ఆయన ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. నన్ను చూసినప్పుడల్లా ఈ సరుకు పైకెత్తాలా, ఇక్కడే వదిలేయాలా అని తేల్చుకుంటున్నట్టు ఉండేది ఆయన చూపు. ఆ "సూద్దాం" నా నిద్ర తినేసింది. బారిడీహ్‌లో మా ఇంట్లో అమ్మ రోజూ అడిగేది, "ఏటన్నారురా?" అని. సూద్దామన్నారమ్మా!

అప్పుడు లావణ్య ఒక ఉపాయం చెప్పింది. బిస్టుపూర్‌లో ఎస్కేప్ రూమ్ అని కొత్తగా ఒక ఆట పెట్టారు. డబ్బులిచ్చి మరీ ఒక గదిలో బందీలు కావాలి. పాతకాలంనాటి హత్య ఒకటి జరిగినట్టు అందులో అంతా అమర్చి ఉంటుంది. సాక్ష్యాలు వెతికి, హంతకుణ్ణి కనిపెట్టి, గంటలోపల తలుపు తెరుచుకుని బయటపడాలి. జట్టుకి నలుగురు కావాలి. అంటే మేమిద్దరం, వాళ్ళమ్మానాన్నా.

"పాపా కో భీ లే చల్తే హైఁ. నాన్ననీ తీసుకెళ్దాం. మీ తెలివి చూస్తే ఆయనే ఒప్పేసుకుంటారు" అంది.

ఆ ఆట పేరైనా అదివరకు నేను వినలేదు. వినలేదని ఒప్పుకుంటే మగాణ్ణెలా అవుతాను? "అలాంటివి చాలా చూశాను. అరగంటలో బయటికి తెచ్చేస్తాను అందర్నీ" అన్నాను. కాలిపోయిన మోటార్లు బాగుచేసే ఉద్యోగం నాది. కాలిన మోటారు ఎందుకు కాలిందో చెప్పగలిగినవాడికి చచ్చిన మనిషి ఎందుకు చచ్చాడో చెప్పడం ఒక లెక్కా అని నా ధీమా.

చలికాలం. నాయుడుగారు గోధుమరంగు కోటు వేసుకుని వచ్చారు. ఆట నడిపే అమ్మాయి మా ఫోన్లు తీసుకుని కథ చెప్పింది. తెల్లదొరల కాలంలో ఒక రాజావారి దివాను విషం తిని చనిపోయాడట, ఇది ఆయన గదట. "ఇస్ కమ్రే మే జో భీ హై, సబ్ సబూత్ హై" అంది. గదిలో ఉన్నదంతా సాక్ష్యమే! ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. బయటినుంచి తలుపు పడింది. నా గుండె కూడా పడింది.

గుడ్డి దీపం, పాత మేజా, నేలమీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం. గోడమీద గడియారం ప్రతి టిక్కుకీ "సూద్దాం, సూద్దాం" అంటున్నట్టే వినిపించింది. నేను కుర్చీలు తిరగేశాను, తివాచీ ఎత్తాను, గోడలు తట్టాను. ఏమీ దొరకలేదు. గాలాడని గదిలో నాయుడుగారికి ఉక్కపోసినట్టుంది, కోటు విప్పి గోడకున్న కొక్కేనికి తగిలించారు. ఆ పక్క కొక్కేనికే దివాన్‌గారి కోటు వేలాడుతోంది. అదీ గోధుమరంగే.

ఆయన విప్పడం నేను చూడలేదు. తివాచీ కింద ఉన్నాను.

లేచి దుమ్ము దులుపుకుని, "కోటు! దివాన్‌గారి కోటు!" అని అరిచి, రెండు కోట్లలో ఏది పట్టుకోకూడదో దాన్నే పట్టుకున్నాను.

నాయుడుగారు ఉలిక్కిపడ్డారు. "అది... అదెందుకులే బాబూ" అన్నారు.

"మీరు కూర్చోండి మావయ్యగారూ, నేను చూసుకుంటాను" అని మొదటి జేబులో చెయ్యి పెట్టాను. ఖైనీ డబ్బీ దొరికింది.

"దివాన్‌గారికి ఖైనీ అలవాటుంది" అని ప్రకటించాను.

సత్యవతిగారు దగ్గరికొచ్చి ఆ డబ్బీని చూశారు. కోటునీ చూశారు. భర్తని చూశారు. ఆయన పైకప్పు చూస్తున్నారు.

"ఇంకేటున్నాయి బాబూ?" అన్నారావిడ, చాలా నెమ్మదిగా.

మీకు అర్థమైపోయింది కదా? నాకు కాలేదు. పెద్దావిడ నా తెలివికి ముచ్చటపడుతోందని పొంగిపోయాను. రెండో జేబులోంచి కాగితంలో చుట్టిన లడ్డు తీశాను. సగం కొరికి ఉంది.

"విషం ఇందులోనే పెట్టి ఉంటారు!"

నాయుడుగారు దగ్గారు. మామూలు దగ్గు కాదది, ఎత్తు ఎక్కలేని లారీ మొరాయించినట్టుంది. నేను దాన్ని కూడా మెచ్చుకోలు కిందే జమకట్టాను.

"ఆ లోపలి జేబు కూడా సూడు నాయినా" అన్నారు సత్యవతిగారు.

చూశాను. షుగరు మాత్రల అట్ట. ఒక్కటీ చింపలేదు.

"అరే, అంగ్రేజోఁ కే జమానే మే ఐసీ స్ట్రిప్ హోతీ థీ క్యా? తెల్లదొరల కాలంలో ఇలాంటి అట్టలెక్కడివి?" అంది లావణ్య అనుమానంగా.

"ఈ ఆట పెట్టినవాళ్ళు చరిత్ర చదువుకోలేదు, అంతే" అని కొట్టిపారేసి, చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు మొదలుపెట్టాను. "ఈ మనిషి ఎలాంటివాడో ఇప్పుడు చెబుతాను వినండి. ఈయనకి షుగరుంది. రోజూ మాత్ర వేసుకుంటున్నానని పెళ్ళాంతో అబద్ధం చెప్పి జేబులో దాచాడు. ఖైనీ మానేశానని ఒట్టేసి ఉంటాడు, మానలేదు. బయట తిరిగొస్తానని చెప్పి మిఠాయి కొట్టుకి పోతాడు. పచ్చి అబద్ధాలకోరు!"

"ఒట్టు నా నెత్తిమీదే ఏశాడు" అన్నారు సత్యవతిగారు.

"చూశారా! మీక్కూడా తట్టింది. అందుకని ఆ భార్యే చంపి ఉంటుంది. నన్నడిగితే చంపినా తప్పులేదంటాను."

"నాకూ అలాగే అనిపిత్తంది బాబూ" అన్నారావిడ, భర్త వైపునుంచి కళ్ళు తిప్పకుండా.

గడియారంలో ఇంకా కాసేపే ఉంది. కోటు జేబు అడుగున తాళంచెవి తగిలింది. ఎగిరి గంతేశాను. మేజా సొరుగులోకి దూర్చాను. సగందాకా దిగి ఇరుక్కుంది. మోటారు బిగుసుకుంటే ఏం చేస్తానో అదే చేశాను. బలమంతా పెట్టి తిప్పాను.

అప్పుడు నోరు విప్పారు నాయుడుగారు. "ఓలమ్మో! అది మా ఇంటి తాళంరా!"

టక్.

సగం నా చేతిలో ఉంది, సగం సొరుగులో ఉంది. టైమైపోయిందని గంట మోగింది. ఆట అమ్మాయి తలుపు తీసి, పక్క కొక్కేనికి ఉన్న కోటు చూపించి, దివాన్‌గారి కోటు అదని హిందీలో చెప్పింది. "యే వాలా తో హమారా హై హీ నహీఁ" అని, అంటే అది వాళ్ళది కానే కాదని, నా చేతిలో ఉన్న కోటుకేసి జాలిగా చూసింది.

అప్పటికి అర్థమైంది నాకు. కాబోయే మామగారిని అబద్ధాలకోరన్నాను. అత్తగారిని హంతకురాలిని చేశాను. ఆవిడ చేత ఔననిపించాను కూడా.

అగ్రికోలో ఉన్న వాళ్ళ క్వార్టర్‌కి ఆటోలో బయల్దేరాం. దారంతా లావణ్య మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందేమోనని హడలిపోయాను. నవ్వుతోందని తర్వాత తెలిసింది. క్వార్టర్ ముందు నిలబడి, పక్కింటివాళ్ళ సుత్తి అడిగి తెచ్చి, ఆ తాళం నేనే పగలగొట్టాను. చుట్టుపక్కలవాళ్ళందరూ బయటికొచ్చి చూశారు. ఇంటి యజమాని పక్కనుండగానే ఇంటి తాళం పగలగొడుతున్న దొంగని చూడటం వాళ్ళకదే మొదటిసారి కాబోలు.

లోపల నాయుడుగారు ఒక మూల, నేను ఒక మూల కూర్చున్నాం. ఆయన నావైపు ఒక్కసారి చూసి, "బాగా సూపించావు నీ తెలివి" అన్నారు. నా పెళ్ళి అక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాను. ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటున్నాను.

సత్యవతిగారు లోపలికెళ్ళారు. బీరువా తలుపు చప్పుడైంది. రెండు చేతులా బట్టలు మోసుకొచ్చి నా ఒళ్ళో పోశారు. కోట్లు, స్వెట్టర్లు, పాత డ్యూటీ చొక్కాలు.

"బాబూ, ముహూర్తం ఈ నెల్లోనే పెట్టించేత్తాను. ముందు ఇయ్యి కూడా ఓపాలి సూసిపెట్టు."

నాయుడుగారు కళ్ళు మూసుకున్నారు.

పెళ్ళయింది. మామగారు ఇప్పటికీ నన్ను చూడగానే కోటు గుండీలు పెట్టుకుంటారు. అందుకే పెద్దలందరి సమక్షంలో ఇదే నా ప్రతిజ్ఞ. కొక్కేనికి కోటు కనబడితే ఈ జన్మలో అందులో చెయ్యి పెట్టను. దాని పక్కనే శవం పడి ఉన్నా పెట్టను. ఆ శవమే లేచి, "ఒక్కసారి చూడు బాబూ, ఎవరు చంపారో" అని బతిమాలినా సరే, వాళ్ళావిణ్ణి అడగమంటాను.