అక్క తప్పు చెప్పిన మాట

ఉదయం ఆరూ నలభైకి పాలు పొయ్యి మీద పెట్టాను. నాగర్‌కర్నూలులో కూతురి ఇంట్లో ఉంటున్నాను కాబట్టి ఆ పని నాదే. మనవరాలు బడికి ఇవ్వాల్సిన అట్టను వంటింట్లోకే తెచ్చింది. అందులో ఇంట్లోవాళ్ళ ఫోటోలు అంటించి, కింద ఇంగ్లీషులో వరుసలు రాయాలట. మా అక్క ఫోటో చూపించి, "అమ్మమ్మా, ఈమెను నీకు సిస్టర్ అని రాయాల్నా, కజిన్ అని రాయాల్నా?" అని అడిగింది. ఫోటో చేతిలోకి తీసుకుని చూస్తుండగానే పాలు పొంగిపోయాయి.

అక్క మా పెద్దమ్మ కూతురు. మా వైపు పెద్దమ్మ పిల్లలు తోబుట్టువుల కిందే లెక్క. గద్వాలలో పెద్దమ్మ ఇంట్లోనే నేను పెరిగాను. అక్కకు పొట్టయిన లంగాలే కట్టుకున్నాను. ఆమె వనపర్తిలో ఇంగ్లీషు టీచరైంది. శనివారం సాయంత్రం బస్సు దిగి మా ఇంటికి వచ్చి, చేతిసంచి ఇంకా దించకముందే మమ్మల్ని దిద్దడం మొదలుపెట్టేది. బడిలో జీతానికి, ఇంట్లో ఊరికే. ఎవరైనా మా పిల్లల్ని కిడ్స్ అంటే ఒప్పుకునేది కాదు. "మేకపిల్లలా ఏంది? చిల్డ్రన్ అను." పద్దెనిమిదేళ్ళ నా కొడుకు అలిగి అన్నం మానేస్తే, "టీనేజరు, ఓర్చుకోవాలె," అంది. వాడికి ఇరవై నిండాక కూడా అలిగితే, "ఇప్పుడు యూతు. కంచం తీసెయ్యి," అంది. ఆంటీ అనే మాట దగ్గర మాత్రం ఆమె పప్పులు ఉడకలేదు. మా పక్కింట్లో జాకెట్లు కుట్టే ఖాలా ఒకనాడు మిషను ఆపి అడిగింది. "టీచరమ్మా, మాకు పిన్ని అయితే ఖాలా, మేనత్త ఫూఫీ, చిన్నాయన భార్య చాచీ, మేనమామ భార్య మామీ. ఇంగ్లీషోళ్ళకు అందరూ ఆంటీయేనా? పాపం, ఇంట్ల జనం తక్కువేమో!" అక్క నవ్వి, ఖాలాను వదిలేసింది.

నన్ను మాత్రం వదల్లేదు. ఎవరికైనా మై సిస్టర్ అని పరిచయం చేస్తే అక్కడికక్కడే, "కజిన్. తెలుగుల అక్కను, ఇంగ్లీషుల కజిన్ను. రెండూ కలపకు," అనేది. నలభై ఏళ్ళు విని విని, ఆ మాట నాకు నోటికి వచ్చేసింది.

పోయిన ఏడు వానాకాలంలో అక్కను వనపర్తిలో దవాఖానలో చేర్చారు. నేను బస్సు దిగి వెళ్ళేసరికి ఐసీయూ తలుపు దగ్గర నర్సు ఆపింది. "సొంతోళ్ళనే పంపిస్తం. మీరేమైతరు?" కంగారులో నా నోట అక్క నేర్పిన మాటే వచ్చింది. కజిన్ అన్నాను. "అయితే బయట కూసోండ్రి," అని తలుపు వేసింది. ఆ రాత్రి గడవడం కష్టమని డాక్టరు అన్నట్టు నాకు ఫోనులోనే తెలిసింది. బెంచీ మీద కూర్చున్నాను. ఒక్క మాట మార్చి చెప్పి ఉంటే లోపల ఉండేదాన్ని. ఇప్పుడు మార్చి చెప్తే నమ్మరు.

కాసేపటికి నర్సే బయటికి వచ్చింది. "ఏందమ్మా మీరు? నా చెల్లె వచ్చిందా అని పేషెంటు ఒకటే అడుగుతున్నరు. బయట ఉన్నది కజిన్ అంటే, నో, మై ఓన్ సిస్టర్ అంటున్నరు. సక్కగ చెప్పొద్దా?"

లోపలికి వెళ్ళేసరికి అక్క చెయ్యి చల్లగా ఉంది. పట్టుకుని, "తప్పు చెప్పినవక్కా," అన్నాను.

"పరీక్షల గాదు గద," అంది కళ్ళు తెరవకుండా. "జర నీళ్ళియ్యి," అంది. చెంచాతో పెదవులు తడిపాను. తెల్లవారుజాము దాకా పక్కనే ఉన్నాను. ఆ తరువాత ఆమె లేదు.

పాలు పొంగిన పొయ్యి తుడిచి, సిస్టర్ అని రాయమన్నాను. "మా మేడం తప్పని కొట్టేస్తది," అంది మనవరాలు. కొట్టేస్తే కొట్టేయనిమ్మన్నాను. రాసింది. తన ఫోటో కింద కిడ్ అని కూడా రాసుకుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరి ఇంగ్లీషునూ ఎవరూ దిద్దడం లేదు.