నేను పంచిన పోస్టు, మా మౌనిక గొంతు

ఆ పొద్దున మా ఐదేళ్ల మౌనిక చాయ్‌లో ముంచిన బిస్కెట్ మింగలేక ఏడ్చింది. జ్వరం పెద్దగా లేదు, మెడ మాత్రం వాచింది. జనగామలో డాక్టర్ టార్చి వేసి చూసి, "గొంతుల తెల్లగ పొర కట్టింది. డిఫ్తీరియా, గదే కంఠసర్పి, కావచ్చు, వరంగల్ తీస్కపోండి" అన్నారు. తెలంగాణ కోసం బంద్ నడుస్తున్న రోజది. రోడ్డు మీద బైఠాయించినవాళ్లు పిల్ల మెడ చూసి మా ఆటోకు దారిచ్చారు.

వరంగల్‌లో పరీక్షకు గొంతులోంచి స్వాబ్ తీసి, రిపోర్టు రాకముందే ఆ రోగం విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్ ఎక్కించారు. "ఐదేండ్ల డీపీటీ బూస్టర్ ఏపిచ్చినరా?" అని డాక్టరమ్మ అడిగింది.

వేయించలేదు. డిఫ్తీరియా రాకుండా కాపాడేది ఆ సూదే, కానీ దానితో ఒక పిల్లకు కాళ్లు పడిపోయాయని మా ఉద్యమం ఫేస్‌బుక్ గ్రూపులో వచ్చింది. ఆ గ్రూపులో బంద్ వార్త ఒక్కటీ తప్పయ్యేది కాదు, అందుకే సూది వార్తనూ నమ్మేశాను. నమ్మి ఊరుకున్నానా? జనగామలో నెట్ సెంటర్ నడిపేవాణ్ని, తెలిసినవాళ్లందరికీ పంచాను.

గొంతు తేలికపడిందని సంతోషించేలోపే ఈసీజీలో తేడా వచ్చింది. "రోగం విషం గుండె మీద పడ్డది. మంచం దిగనియ్యకుండ్రి" అన్నారు. ఆ మంచం పక్కన కూర్చున్న నాకు భయంతోపాటు ఒకటే ఆరాటం, కాళ్లు పడిపోయిన ఆ పిల్ల ఎవరని. పోస్టు పెట్టినాయనకు ఫోన్ చేశాను.

"నాకెర్క లేదన్నా, బచ్చన్నపేటల అంటున్నరు."

బచ్చన్నపేటాయన దంతాలపల్లి అన్నాడు. దంతాలపల్లాయన "జనగామల నెట్ సెంటరాయన పెట్టిండు గద" అన్నాడు. అంటే నేనే! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మౌనికతో ఆడుకున్న మా చెల్లెలు సరిత పిల్లలిద్దరికీ సూది వేయాలని డాక్టరమ్మ చెప్పింది. సరిత ససేమిరా అంది. "నువ్వు పెట్టిన ముచ్చటనే గదన్నా? ఇప్పుడు అబద్ధమంటె ఎట్ల నమ్మాలె?"

పోస్టు తీసేసి, జరిగిందంతా మౌనిక పేరుతో సహా రాశాను. "సర్కారుకు అమ్ముడుపోయినవా?" అని గ్రూపులో తిట్టారు. తిట్టిన ప్రతివారినీ ఆ పిల్ల పేరేమిటని అడిగాను. ఒక్కరూ చెప్పలేదు.

సరిత మాత్రం పోస్టు చదివి మారలేదు. దవాఖానకు వచ్చి, తలుపు దగ్గరే నిలబడి చూసింది. "అత్తా, నేనెప్పుడు లేవాలె?" అంది మౌనిక. సరిత కళ్లు తుడుచుకుని, ఆ రోజే పిల్లలకు సూది వేయించింది.

మౌనిక ఇప్పుడు బడికి పోతోంది, పరుగెత్తుతోంది. సూది గురించి ఎవరేం పంపినా ఆ పిల్ల పేరు, ఊరు అడగండి, ఆ ఇంటివాళ్లతోనే మాట్లాడండి. నా పోస్టు చదివి సూది మానేసినవాళ్లు ఎందరో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లలో మీరుంటే, రేపు పొద్దున్నే పిల్లను తీసుకుపోండి.