తాడుకి జవాబు

దిండి ఊరి దగ్గర మా పడవ లంగరు అడుగున దేనికో చిక్కుకుంది. పడవ నడిపే సత్యంగారు నడుముకి తాడు కట్టుకుని గోదారిలో మునిగారు. రెండో కొస ఆయన భార్య మంగగారి చేతిలో ఉంది. కింద నుంచి తాడు కదిలినప్పుడల్లా ఆవిడ "ఆయ్" అంటున్నారు.

నేను స్కూబా డైవింగ్ చేస్తాను. పైన వెళ్లే పడవలకి నా జాడ తెలిపే నారింజరంగు గాలి ట్యూబు ఒకటి నీళ్లమీద తేలుతుంటే, దాని తాడు పట్టుకునే పైకొస్తాను. అందుకే ఆగలేక అడిగాను.

"ఆయనకి వినబడదు కదండీ?"

"ఇనబడదండీ. పిలిత్తే పలకాలి కదండీ మరి."

అంతలో తాడు కదలడం మానేసింది. ఆవిడ పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఎంతసేపటికో తాడు గుంజుకుంది.

"ఆయ్! ఆయ్!" అన్నారు, ఏడుపు గొంతుతో.

ఇప్పటికీ సముద్రంలోంచి పైకొస్తూ సగం దారిలో నా తాడుని ఒకసారి లాగుతాను. పైన ఉన్నది ట్యూబే.