నిద్రపోయే చెట్టుకు నీళ్లు

మా ఆయన మొక్కల మనిషి. సెలవు రోజు వచ్చిందంటే ఏదో ఒక పార్కుకు తీసుకెళ్లేవారు. ఆయన మొక్కలు చూసేవారు, నేను కూర్చోడానికి బెంచీ చూసేదాన్ని. ఈ నగరంలో నేను చూడని బెంచీ లేదు. దేనికి ఏ వేళ నీడ వస్తుందో, దేని మేకు బట్టలు చింపుతుందో అడిగితే చెప్పగలను. మొక్క పేరు అడిగితే మాత్రం "అదే, ఆకులుంటాయే, అది" అంటాను.

కిందటి వానల్లో ఆయన పోయాక మేడ మీది కుండీలన్నీ నా చేతికొచ్చాయి. సాయంత్రం ఆయన పని నుంచి వచ్చే వేళకు మంచినీళ్లు తీసుకెళ్లడం నాకు అలవాటు. మనిషి లేకపోయినా చెయ్యి ఊరుకోదు కదా. చెంబు పట్టుకుని మేడెక్కి మొక్కలకు పోసేదాన్ని. దాహమున్నవాటికీ పోశాను, లేనివాటికీ పోశాను. వద్దనడానికి వాటికి నోరు లేదు. ఒక్కొక్కటే వాడిపోతుంటే, చాల్లేదేమోనని ఇంకో చెంబు పోశాను.

ఆఖరికి మిగిలింది దేవగన్నేరు. ఆయన తన చేత్తో చివరగా పెట్టిన మొక్క. చలి మొదలవగానే అదీ ఆకులన్నీ రాల్చేసి బూడిదరంగు కర్రలా నిలబడింది. రోజూ దాన్ని చూడటం నావల్ల కాలేదు. ఒక ఆదివారం పొద్దున్నే పెరికి, తీసుకుపొమ్మని చెత్త బండతనికి చెప్పి గేటు పక్కన పెట్టేశాను. మా ఆడపడుచుకు చెప్పలేదు. అన్నయ్య పెట్టిన మొక్క అని ఆ పిల్లకు అదంటే ప్రాణం.

మా ఆడపడుచు రెండు వీధుల అవతల బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. మేడంతా బోసిపోయిందని, నలుగురి తోటలూ చూస్తే నాకూ ఏదైనా తడుతుందని, సరిగ్గా ఆ ఆదివారమే నన్ను లాక్కెళ్లింది. ముందు పెద్ద పార్కుకు వెళ్లాం. అక్కడ ఒక పొదను ఏనుగులా కత్తిరించి పెట్టారు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఇది మన మేడ మీద పట్టదేమో అన్నాను.

"ఏనుగు సంగతి తర్వాత వదినా, ముందు కొత్తిమీర బతికించు" అంది.

అక్కణ్ణుంచి, తన దగ్గర బట్టలు కుట్టించుకునే నర్సమ్మ ఇంటికి వెళ్లాం. ఆవిడ ఆస్పత్రి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది గానీ, కుండీలు మాత్రం వార్డులో మంచాల్లా వరసగా ఉన్నాయి. వాటి మధ్యలో మనిషెత్తు కర్ర ఒకటి, ఒక్క ఆకు లేకుండా. ఇంత గొప్ప తోటలో కూడా చచ్చిన మొక్క ఉందని నాకు ప్రాణం లేచొచ్చింది. పరామర్శకు వెళ్లిన గొంతుతో, "ఎప్పుడు పోయిందమ్మా?" అని అడిగాను.

"పోవడమేంటండీ, అది దేవగన్నేరు. నిద్రపోతోంది. ఎండలు ముదిరితే లేస్తుంది."

మరి నీళ్లో అన్నాను.

"నిద్రపోయేవాళ్లను లేపి నీళ్లు తాగిస్తారా ఎవరైనా?"

నేను తాగించాను. పక్కన మా ఆడపడుచు, అన్నయ్య కూడా ఇదే పెట్టాడని, మా వదిన దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటోందని మురిసిపోతూ చెబుతోంది. పొయ్యి మీద పాలు మరిచిపోయి వచ్చానని అబద్ధమాడి బయల్దేరదీశాను. ఇల్లు తగలబడుతుందేమోనని ఆ పిల్ల నాకంటే వేగంగా నడిచింది.

మా వీధి మలుపులోనే చెత్త బండి ఎదురైంది. అరిగిన చీపుళ్ల మధ్య నుంచి దేవగన్నేరు కొస కనబడుతోంది. నేను ఆగకుండా వెళ్లి పట్టుకుని లాగాను. చీపురొచ్చింది.

"చచ్చిపోయింది తీసుకుపొమ్మని పొద్దున మీరే చెప్పారు కదమ్మా" అన్నాడు బండతను.

మా ఆడపడుచు నావైపు చూసింది. తిడుతుందనుకున్నాను. "అయితే పాలు లేవన్నమాట" అంది మెల్లగా. ఆ తర్వాత తనే బండిలో చెయ్యి పెట్టి కర్రను బయటికి తీసింది.

వేళ్లన్నీ కుళ్లి వాసన కొడుతున్నాయి. అంతా నా చేతి చలవే. నర్సమ్మకు ఫోన్ చేస్తే, లోపల తెల్లగా కనబడేదాకా కోసుకుంటూ పొమ్మంది. కోసిన చోటు నీడలో బాగా ఆరనిచ్చి, అప్పుడు పొడి మట్టిలో పెట్టమంది. కూరగాయల కత్తితో కోస్తూ కూర్చున్నాం. ఎంత కోసినా గోధుమరంగే. ఇంక జానెడు మిగిలిందనగా తెల్లటి కండ కనబడి, అంచున పాలు కారాయి.

"ఇవిగో వదినా నీ పాలు" అంది. అని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. ఆయన పోయాక ఇద్దరం ఒక చోట కూర్చుని ఏడవడం అదే మొదలు.

ఆరిన కర్రను కుండీలో పెట్టిన రోజు, నన్ను చెంబు ముట్టుకోవద్దంది. తనే వచ్చి చూసి, కావాలంటే పోస్తానంది. అప్పట్నుంచి రోజూ కొట్టు మూసి ఇటే వస్తోంది. మట్టిలో వేలు పెట్టి, ఇవాళ వద్దంటుంది. కాసేపు కూర్చుని, వాళ్లన్నయ్య చిన్నప్పటి సంగతులు చెప్పి వెళ్తుంది.

మొన్న కొసన ఆకుపచ్చ మొన ఒకటి కనబడింది. ఇన్నాళ్లూ చూశావుగా వదినా, ఇంక నువ్వే చూసుకోగలవా అని అడిగింది. మట్టి తడి చూడటం నాకూ పట్టుబడింది గానీ, ఇంకా ఏమీ తెలియదని చెప్పాను. నా గొప్పతనం ఎరిగిన పిల్ల కాబట్టి, వెంటనే నమ్మింది.