గడ్డలు నిలవని ఎలకలు

అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో పేటలో మా నాన్నకి హార్డ్‌వేర్ షాపు. చదువయ్యాక ఆ ఊళ్లోనే ఒక చిన్న ల్యాబ్‌లో నాకు పని దొరికింది. సముద్రపు నాచు నుంచి తీసిన మందుకి కేన్సర్ గడ్డ తగ్గుతుందేమో చూడాలని మా మేడమ్ ప్రయత్నం. అందుకు ముందుగా తెల్ల ఎలకల చర్మం కింద కేన్సర్ కణాలు ఎక్కించి గడ్డ తెప్పించాలి. ఆ సూది పని నాది.

మెయిన్‌లాండ్ నుంచి ఎలకలొచ్చాయి, ఎక్కించాను. కొన్నాళ్లకి బఠాణీ గింజంత గడ్డలు చేతికి తగిలాయి. తర్వాత ఏమైందో, ఒక్కొక్కటే చిక్కిపోయి మాయమయ్యాయి. అప్పటికి మందు మొదలుపెట్టనే లేదు. మేడమ్ కోప్పడలేదు గానీ, కణాలు బయట ఎక్కువసేపు ఉంచావా, సూది సరిగ్గా దిగిందా అని అడిగారు. అవే ఎలకలకి మళ్లీ ఎక్కించాను. ఈసారి గడ్డ లేవనే లేదు.

నా చేతిమీద నాకే నమ్మకం పోయింది. ఇంట్లో అన్నం సహించేది కాదు. సంగతి చెబితే అమ్మ వింతగా చూసింది.

"గడ్డలు రాలేదని బెంగెట్టుకున్నావేటే? మేం చర్చిలో రావొద్దనే కదా ప్రార్థన చేస్తాం."

రాకపోతే ఉద్యోగం ఉండదేమో అని మాత్రం అమ్మతో అనలేకపోయాను.

ఉద్యోగం సంగతి ఎత్తుతారేమో అనుకుంటూనే మర్నాడు వెళ్లాను. మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొదటిసారి వచ్చి పోవడం, రెండోసారి అసలు రాకపోవడం టీకా వేసినట్టుంది కదా అన్నారు. తప్పు సూదిది కాదేమో, ఎలకల ఒళ్లే ఆ కణాల్ని గుర్తుపట్టి తరిమేస్తోందేమో అని ఆవిడ అనుమానం. వాటితోపాటే వచ్చి, అప్పటిదాకా ముట్టుకోని కొన్ని ఎలకలకి రోగనిరోధక శక్తిని తగ్గించే మందిచ్చి, మళ్లీ నన్నే ఎక్కించమన్నారు.

వాటిలో గడ్డలు పెరిగాయి. తగ్గలేదు.

మేడమ్ వేలితో తడిమి చూసి, "నీ చెయ్యి బాగానే ఉందమ్మా," అన్నారు.

కళ్లలో నీళ్లొచ్చాయి. ఎలకలు పంపినవాళ్లకి ఫోన్ చేస్తే, మేం అడిగిన జాతి బదులు చూడడానికి అలాగే ఉండే వేరే జాతి పంపామని ఒప్పుకున్నారు. మా కణాలు మేం అడిగిన జాతి నుంచి తీసినవి. వచ్చిన ఎలకలకి అవి పరాయివి, అందుకే నిలవనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. మన ఒళ్లు కూడా అలా తరిమేస్తుందా అని అడిగింది. కొన్నిసార్లు తరుముతుందనీ, కానీ మన గడ్డ మన కణాల్లోంచే పుడుతుంది కాబట్టి చాలాసార్లు మనదే అనుకుని వదిలేస్తుందనీ చెప్పాను. అమ్మ నా కంచంలో చేపల పులుసు ఇంకో గరిటె వేసింది. నేను వద్దనలేదు.